పాలసీ దుకాణానికి... సరుకు ఊళ్ల మీద!
గడప దాటిన గద్వాల చీరకు బీమా అంతంతమాత్రం

గద్వాల: తెల్లవారుజామున గద్వాల బస్టాండులో హైదరాబాదు బస్సు ఎక్కేవారిలో ఒకరిద్దరి సంచి ఎప్పుడూ ఒడిలోనే ఉంటుంది. పైన పెట్టుకొమ్మని పక్కవారు చెప్పినా పెట్టరు. ఎర్రవల్లి చౌరస్తా దాటి బస్సు పెద్ద రోడ్డు ఎక్కాక అందరూ నిద్రపోయినా, వీరు మాత్రం సంచి పట్టీని చేతికి చుట్టుకునే కునుకు తీస్తారు. అందులో ఉండేది పది పన్నెండు చీరలే కావచ్చు. చీరంతా నూలు, అంచూ కొంగూ పట్టు, జరీ. ఒక్కో చీర వెనక ఇద్దరు మనుషులు గుంత మగ్గం మీద రోజుల తరబడి పడిన కష్టం ఉంటుంది.

ఆ సంచిలోని సరుకుకు బీమా ఉందా అని అడిగితే చాలామంది ఉందనే చెబుతారు. "బ్యాంకోళ్లు చేయించిన్రు గదా, ఏడాదికోసారి ఖాతాలకెళ్లి పైసలు గుంజుకుంటరు" అనేది ఇక్కడ తరచుగా వినిపించే జవాబు. పైసలు పట్టుకునే మాట నిజమే. పాలసీ ఉన్న మాటా నిజమే. అయితే ఆ పాలసీ కాగితం తీసి చూసినవారు తక్కువ. చూస్తే అందులో ఒక ఇంటి నెంబరు, ఒక వీధి పేరు కనిపిస్తాయి. బీమా ఆ నాలుగు గోడల మధ్య ఉన్న సరుకుకు. ఆ గోడలు దాటి బస్టాండుకు వచ్చిన సంచికి కాదు.

గద్వాల, అయిజ, రాజోలి ప్రాంతాల్లో చేనేత వ్యాపారం తీరు తెలిసినవారికి ఇది ఎంత పెద్ద లోటో వెంటనే అర్థమవుతుంది. ఎందుకంటే ఈ వ్యాపారంలో సరుకు దుకాణంలో ఉండే కాలం చాలా తక్కువ.

సరుకు ఎక్కడెక్కడ?

పట్టు బెంగుళూరు నుంచి వస్తుంది. జరీ సూరత్ నుంచి వస్తుంది. మాస్టర్ వీవర్ వాటిని కొని, రంగు అద్దించి, ఆసు పోయించి, పడుగు సిద్ధం చేయించి నేతగాని ఇంటికి పంపుతాడు. రంగులవారి దగ్గర కొంత, ఆసు పోసేవారి దగ్గర కొంత, మగ్గాల మీద అధిక భాగం – ఎప్పుడు చూసినా అతని పెట్టుబడి ఇలా నాలుగు చోట్ల చెదిరి ఉంటుంది. నేసిన చీరలు తిరిగి వచ్చాక కూడా దుకాణంలో నిలవవు. కొన్ని పార్సిల్‌గా లారీ ఆఫీసుకు పోతాయి. కొన్ని సంచిలో బస్సెక్కుతాయి. కొన్ని పట్నంలోని బట్టల దుకాణాలకు, అమ్మితే డబ్బు, అమ్మకపోతే చీర వాపసు అనే మాట మీద పోతాయి. పండుగల సీజన్లో ప్రదర్శన స్టాళ్లకు పోతాయి.

అంటే బీమా ఉన్న చోట సరుకు కొంతే. సరుకు ఉన్న చోట బీమా లేదు.

లెక్కకు ఒక ఉదాహరణ చూద్దాం. ఒక మాస్టర్ వీవర్‌కు 35 మగ్గాలు నడుస్తున్నాయనుకుందాం. ఒక్కో మగ్గం మీద పడుగు, పట్టు, జరీ కలిపి 20 వేల రూపాయల సరుకు అనుకుంటే మగ్గాల మీదనే 7 లక్షలు. దుకాణం బీరువాల్లో 3 లక్షలు. దారిలో, ఇతర దుకాణాల్లో 2 లక్షలు. మొత్తం 12 లక్షలు. బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాకు లెక్కలో ఈ 12 లక్షలూ చూపుతారు. ఆ లెక్క మీదనే అప్పు పుడుతుంది. పాలసీలో మాత్రం దుకాణం చిరునామా ఒక్కటే ఉంటుంది. అప్పు లెక్కలో కనిపించిన సరుకు బీమా లెక్కలో కనిపించదన్న మాట. ఈ తేడాను పట్టించుకోవలసిన బాధ్యత ఎవరిదని అడిగితే బ్యాంకువారు ఖాతాదారును, ఖాతాదారు బ్యాంకును చూపుతారు. కాగితం మీద సంతకం చేసింది మాత్రం ఖాతాదారే.

గుంతలోకే ముందు నీరు

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్రకు వచ్చిన వరదను ఈ ప్రాంతం మరచిపోలేదు. అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగిన సంగతి దేశమంతా చూసింది. అదే వరదలో నది ఒడ్డున సుంకేసుల ఆనకట్టకు దగ్గరలో ఉన్న రాజోలి కూడా మునిగింది. అప్పటికి అది మహబూబ్‌నగర్ జిల్లాలోని గ్రామం. 2016లో జిల్లాల విభజన తర్వాత జోగుళాంబ గద్వాల జిల్లాలోకి వచ్చింది. ఇళ్లు కూలాయి. మగ్గాలు, పడుగులు, నూలు నీటిపాలయ్యాయి. ఆ తర్వాత ఊరివారికి వేరే చోట ఇళ్ల కాలనీ కట్టవలసి వచ్చింది.

గుంత మగ్గం సంగతి తెలిసినవారికి వరదంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. నేతగాడు కాళ్లు పెట్టుకునే గుంత ఇంట్లో అన్నిటికంటే పల్లపు చోటు. గడప దాటిన నీరు ముందు వెళ్లేది అక్కడికే. మంచం మీదికి బియ్యం సంచి ఎత్తవచ్చు, అటక మీదికి ట్రంకు పెట్టె ఎక్కించవచ్చు. అచ్చుకు అతికించిన పడుగును మాత్రం ఎత్తుకుని పరుగెత్తడం కుదిరే పని కాదు. కోస్తే పడుగు పోయినట్టే, వదిలితే బురద పట్టినట్టే. నానిన పట్టుకు రంగు కారుతుంది. ఎర్ర అంచు రంగు తెల్లని నూలులోకి దిగితే ఆ చీర మళ్లీ చీర కాదు.

అటువంటి రోజున మాస్టర్ వీవర్ దుకాణంలో, గద్వాల పట్టణంలో, చుక్క నీరు కూడా రాకపోవచ్చు. బీమా ఉన్న చోట నష్టం లేదు. నష్టం జరిగిన చోట అతని పేరుతో బీమా లేదు. ఇల్లు నేతగానిది, సరుకు అతనిది కాదు. సరుకు మాస్టర్ వీవర్‌ది, ఇల్లు అతనిది కాదు. ఇక నష్టం ఎవరిది?

ఈ ప్రశ్నకు చట్టం ఏమి చెప్పినా వాడుకలో జవాబు ఒకటుంది. ఇచ్చిన నూలు, పట్టు తూకం నేతగాని పుస్తకంలో రాసి ఉంటుంది. చీర తిరిగి రాకపోతే ఆ తూకం బాకీగా నిలుస్తుంది. మనసున్న యజమాని కొట్టివేస్తాడు. సగం కొట్టివేసేవాడు సగం కూలిలో పట్టుకుంటాడు. మొత్తం పట్టుకునేవారూ లేకపోలేదు. వరదలో ఇల్లు పోగొట్టుకున్న మనిషి తనది కాని పట్టుకు కూడా బాకీ పడతాడు. బీమా గురించి ఇన్ని మాటలు చెప్పుకోవడానికి అసలు కారణం ఇదే. ఇది వ్యాపారి లాభనష్టాల గొడవ మాత్రమే కాదు.

నేతన్నకు బీమా ఉంది కదా అనే మాట కూడా వస్తుంది. తెలంగాణలో 2022 ఆగస్టులో మొదలుపెట్టిన నేతన్న బీమా పథకం మనిషి ప్రాణానికి సంబంధించినది. నేతగాడు చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు వచ్చేలా పెట్టిన పథకం అది. దానికీ మగ్గం మీద ఉన్న పడుగుకూ సంబంధం లేదు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం వల్లనే చాలామంది తమ సరుకుకు కూడా ఏదో రక్షణ ఉందన్న భ్రమలో ఉన్నారు.

పదో వంతు మాట

కొత్తగా వచ్చిన పాలసీల్లో ఈ విషయమై కొంత మేలు జరిగింది. చిన్న వ్యాపారుల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అనే పాలసీ అమలులోకి వచ్చింది. ఒక చోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్ల రూపాయలు మించనివారికి ఇది. అగ్ని ప్రమాదం, పిడుగు, తుఫాను, వరద వంటివి ఇందులోనే ఉంటాయి. వీటితోపాటు ఒక చిన్న వసతి ఇందులో ఉంది: తయారీకో, మెరుగుకో తాత్కాలికంగా వేరే ఆవరణకు పంపిన సరుకుకు కూడా రక్షణ ఉంటుంది. అయితే సరుకుకు రాయించిన మొత్తంలో 10 శాతం వరకే.

పై ఉదాహరణకే వద్దాం. 12 లక్షలకు పాలసీ రాయిస్తే ఆవరణ బయట ఉన్న సరుకుకు 1 లక్షా 20 వేలు మించి రాదు. వరదలో పది మగ్గాల సరుకు పోతే నష్టం 2 లక్షలు. మిగిలిన 80 వేలు చేతి నుంచే. ఇక బ్యాంకు చిరునామా ప్రకారం దుకాణంలో ఉన్న 3 లక్షలకే పాలసీ రాయించి ఉంటే, బయటి సరుకుకు వచ్చేది 30 వేలే. రెండు మగ్గాల విలువ కూడా కాదు. అదీగాక 'తాత్కాలికం' అన్న మాట దగ్గర పేచీ రావచ్చు. ఏడాది పొడవునా మగ్గాల మీదనే తిరిగే సరుకును తాత్కాలికంగా బయటికి పోయినట్టు లెక్కించడం ఎలాగని కంపెనీవారు అడిగితే జవాబు చెప్పడం కష్టం.

దీనికి సరైన దారి 'ఫ్లోటర్' అంటారు. ఒకే మొత్తానికి బీమా రాయించి, ఆ మొత్తం కింద అనేక చోట్ల ఉన్న సరుకును చూపడం. ఇవాళ రాజోలిలో నాలుగు లక్షలు, అయిజలో మూడు లక్షలు ఉండవచ్చు. వచ్చే నెల అటుది ఇటు కావచ్చు. ఏ చోట ఎంత ఉన్నా మొత్తం మీద లెక్క. కాని చోట్లేవో కంపెనీకి చెప్పాలి. 35 మగ్గాలుంటే 35 ఇళ్ల నెంబర్లు జాబితాగా ఇవ్వాలి. మగ్గం మారితే కాగితం రాసి తెలియజేయాలి. ఇక్కడే చాలామంది వెనకాడతారు. ఎన్ని మగ్గాలు నడుస్తున్నదీ, ఎవరెవరి ఇంట్లో ఎంత సరుకున్నదీ కాగితం మీద పెట్టడం ఇష్టం లేనివారు కొందరు. అంత రాతకోతలు చేసే ఓపిక లేనివారు ఇంకొందరు. ఇంటి కప్పు గడ్డిదో తాటాకుదో అయితే ప్రీమియం రేటు వేరుగా ఉంటుందని, ఆ సంగతి దాచితే క్లెయిము సమయంలో బయటపడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

తక్కువ మొత్తానికి రాయించడం ఇంకొక అలవాటు. ప్రీమియంలో నాలుగు రాళ్లు మిగులుతాయన్న ఆశ. సరుకు 10 లక్షలు ఉండగా 5 లక్షలకే రాయించినవారికి 2 లక్షల నష్టం జరిగితే 2 లక్షలూ వస్తాయనుకుంటారు. రావు. సగానికి రాయించారు గనుక నష్టంలోనూ సగమే, అంటే లక్షే లెక్కకు వస్తుంది. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో 15 శాతం వరకు తక్కువ పడితే చూసీచూడనట్టు వదిలేస్తారు. అంతకు మించితే కోత తప్పదు.

వానాకాలంలో గుంతలో ఊరే చెమ్మ మాటేమిటని అడిగేవారున్నారు. మెల్లగా నేల నుంచి ఊరిన చెమ్మకు పడుగు పాచి పడితే దాన్ని వరద అనరు. దానికి పైసా రాదు. దొంగతనం కూడా అగ్నిబీమాలో భాగం కాదు. వరదో మంటో వచ్చిన సందట్లో ఏడు రోజుల లోపు జరిగిన చోరీకి తప్ప, మామూలు దొంగతనానికి వేరే పాలసీ తీసుకోవాలి. అందులోనూ తాళం పగలడమో, తలుపు విరగడమో వంటి ఆనవాలు కనిపించాలి.

సముద్రం లేని ఊరికి 'మెరైన్'

దారిలో ఉన్న సరుకుకు బీమా అడిగితే ఆఫీసులో 'మెరైన్' విభాగానికి పొమ్మంటారు. గద్వాలకు సముద్రం ఎక్కడిదని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు గాని, దేశంలో రోడ్డు మీద, రైలు మీద పోయే సరుకు బీమాను కూడా ఆ శాఖలోనే కలిపారు. దీన్ని ఇన్‌లాండ్ ట్రాన్సిట్ పాలసీ అంటారు.

ఇందులో మూడు రకాలు – ఎ, బి, సి. పేర్లు చూస్తే ఒకటికొకటి తేడా లేనట్టే ఉంటుంది. అసలు సంగతంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉంది. 'సి' తీసుకుంటే మంట, పిడుగు – అంతే. 'బి' తీసుకుంటే వాటికి తోడు లారీ బోల్తా పడినా, గుద్దుకున్నా, వంతెన కూలినా, రైలు పట్టాలు తప్పినా వర్తిస్తుంది. కాని టార్పాలిన్ చిరిగి వాన నీటికి చీరలు తడిస్తే 'బి'లో రాదు. దారిలో పార్సిలు మాయమైతే రాదు. చీరల వ్యాపారికి దారిలో ఎక్కువగా ఉండే భయాలు ఆ రెండే! వాటికి 'ఎ' తీసుకోవాలి. ప్రీమియం తక్కువని 'బి' తీసుకుని, తడిసిన చీరలు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగడం వల్ల ఉపయోగం లేదు. 'ఎ'లో కూడా కొన్ని మినహాయింపులున్నాయి. కట్ట సరిగా కట్టకపోవడం వల్ల జరిగిన నష్టం, ఆలస్యం వల్ల వచ్చిన నష్టం అందులోకి రావు. సమ్మెలు, అల్లర్ల వల్ల జరిగే నష్టానికి అదనంగా రాయించుకోవాలి.

నెలకు పది కట్టలు పంపేవారు ప్రతి కట్టకూ వేరుగా పాలసీ తీసుకోనక్కరలేదు. ఏడాదికి ఇంత సరుకు పంపుతామని అంచనా వేసి 'ఓపెన్ పాలసీ' తీసుకుని, పంపినప్పుడల్లా వివరం తెలియజేస్తూ పోవచ్చు. తెలియజేయడం మరచిన కట్టే పోతుందని వ్యాపారులు అనుకునే మాటలో కొంత సత్యం లేకపోలేదు.

మొదట చెప్పుకున్న బస్సు సంచి సంగతి. పాలసీలో లారీ, రైలు అని మాత్రమే రాసి ఉంటే మనిషి వెంట తీసుకుపోయే సరుకు గురించి వాదన వస్తుంది. యజమానో, గుమాస్తానో స్వయంగా బస్సులో తీసుకుపోతారని ముందే చెప్పి రాయించుకోవాలి. అప్పుడు కూడా సంచిని సీటులో వదిలి టీ తాగడానికి దిగితే పోయినదానికి సాధారణంగా పరిహారం ఇవ్వరు. పట్టీ చేతికి చుట్టుకుని నిద్రపోయే అలవాటు ఊరికే రాలేదు.

లారీవారి బాధ్యత ఎంత?

పార్సిలు ఆఫీసులో ఇచ్చాం, రసీదు ఉంది, పోతే వారే ఇస్తారన్నది మరొక నమ్మకం. రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చదివేవారు లేరు. ఇదివరకు 1865 నాటి చట్టం ఉండేది. దాని స్థానంలో 2007లో రోడ్డు రవాణాదారుల కొత్త చట్టం చేశారు. 2011 నుంచి అది అమలులో ఉంది. దాని ప్రకారం సరుకు విలువను ముందుగా ప్రకటించి, దానికి తగ్గ ఛార్జీ కట్టకపోతే, రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే.

60 వేల రూపాయల చీరల కట్టకు 300 రూపాయల కిరాయి కట్టారనుకోండి. కట్ట పోతే చట్ట ప్రకారం రావలసింది 3 వేలు. ఒక మంచి గద్వాల చీర ఖరీదు కూడా కాదు.

ఆ 3 వేలైనా, అంతకు మించి వాదించదలచినా, కోర్టుకు పోయే ముందు రవాణాదారుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. కట్ట బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపు ఇవ్వాలి. బీమా ఉన్నవారికి కూడా ఈ నోటీసు ముఖ్యమే. పరిహారం చెల్లించిన తర్వాత లారీవారి మీద దావా వేసే హక్కు బీమా కంపెనీకి వస్తుంది. నోటీసు ఇవ్వక ఆ హక్కును పోగొడితే కంపెనీ క్లెయిములో పేచీ పెడుతుంది. లారీకి ఇన్సూరెన్సు ఉంది కదా అనేవారూ ఉన్నారు. ఆ ఇన్సూరెన్సు లారీకి, లారీ గుద్దినవారికి. లోపలి సరుకుకు కాదు.

నుమాయిష్ మంట

దారి ముగిసిన తర్వాత కూడా సరుకు ఇంకా ఇంటికి దూరమే. రోడ్డు మీద పోయే సరుకుకు ట్రాన్సిట్ పాలసీ గమ్యస్థానంలోని గోదాముకు చేరగానే ముగుస్తుంది. చేర్చుకోవడంలో ఆలస్యమైతే లారీ ఆ ఊరు చేరిన ఏడు రోజులకు ముగుస్తుంది. ఆ తర్వాత చీరలు స్టాలులో ఉన్నా, తెలిసినవారి ఇంట్లో ఉన్నా ఆ పాలసీకి సంబంధం లేదు.

హైదరాబాదు నాంపల్లిలో ఏటా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్‌లో నెలన్నర పాటు స్టాళ్లు నడుస్తాయి. 2019 జనవరి 30 రాత్రి అక్కడ మంటలు లేచి పలు స్టాళ్లు కాలి బూడిదయ్యాయి. దేశం నలుమూలల నుంచి సరుకు తెచ్చుకున్న వ్యాపారులు కట్టుబట్టలతో రోడ్డు మీద నిలబడ్డారు. గుడ్డ తెరలు, చెక్క పలకలు, కరెంటు తీగలు, పక్కపక్కనే బట్టల గుట్టలు – ప్రదర్శన స్టాలు స్వభావమే అది. ఇంటి దగ్గరి పాలసీలో ఆ స్టాలు నెంబరు ఉండదు. నెలన్నర కోసం ఆ చోటును కూడా చేర్చమని పాలసీ ఇచ్చిన ఆఫీసుకు ఒక ఉత్తరం రాసి, అదనపు ప్రీమియం కట్టి, ఎండార్స్‌మెంటు కాగితం తీసుకోవాలి. ఉత్తరం రాస్తే చాలదు, కాగితం చేతికి రావాలి.

ఇతర దుకాణాల్లో వాపసు మాట మీద ఉంచిన చీరల విషయంలో అంతకంటే చిక్కు ఉంది. పట్నం దుకాణదారుకు పాలసీ ఉండవచ్చు. అది అతని సొంత సరుకుకు. ఇతరులు నమ్మి ఉంచిన సరుకుకు, కమీషను మీద అమ్మే సరుకుకు కూడా వర్తిస్తుందని అందులో ప్రత్యేకంగా రాసి ఉంటేనే గద్వాల చీరకు రక్షణ. చీరలు ఇచ్చేటప్పుడు ఆ ముక్క అడగడానికి మొహమాటపడతారు. పెద్ద దుకాణం, మళ్లీ గిరాకీ పోతుందేమోనన్న భయం.

ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు గద్వాల నుంచి పోతాయి. సంస్థానం నాటి నుంచి వస్తున్న ఆచారం. నియమంతో నేసి, భక్తితో తీసుకుపోయే ఆ పంచెలకు దేవుడే కాపలా అంటారు. అమ్మకానికి పోయే చీరలకు మాత్రం ఆ మాట చెల్లదు.

పుస్తకం నీళ్లలో పోతే?

నష్టం జరిగిన తర్వాత వచ్చే సర్వేయరు అడిగేవి కొన్నే. ఏ తేదీన ఏ ఇంటికి ఎంత తూకం పట్టు, జరీ పోయింది? కొన్న బిల్లులెక్కడ? బ్యాంకుకు ఇచ్చిన స్టాకు లెక్కలో ఎంత చూపారు? ఈ మూడూ కలిస్తే పని నడుస్తుంది. కలవకపోతే నెలలు గడుస్తాయి. మగ్గాల పుస్తకం ఒక్కటే ఉండి, అదీ నేతగాని ఇంట్లోనే ఉండి, వరదలో పోయిందంటే ఇక చూపడానికి ఏమీ ఉండదు. అందుకే దుకాణంలో మరొక ప్రతి ఉండాలి. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోనులున్నాయి గనుక నెలకొకసారి ప్రతి మగ్గాన్నీ పడుగుతో సహా ఫోటో తీసి ఉంచుకోవడం కష్టమేమీ కాదు. తడిసిన పట్టును వాసన వస్తోందని సర్వేయరు చూడకముందే పారవేయకూడదు. కబురు వెంటనే ఇవ్వాలి, రాతలో ఇవ్వాలి.

కంపెనీ అన్యాయంగా కాదన్నా, రాసిన ఫిర్యాదుకు నెల రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. సొంత పేరున వ్యాపారం చేసే చిన్నవారికి కూడా ఈ అవకాశముంది. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోగా పోవాలి.

ఇంత చేసి డబ్బు వచ్చినా అది నేరుగా వ్యాపారి చేతికి రాదు. అప్పు ఉన్నంతకాలం పాలసీలో బ్యాంకు పేరు ఉంటుంది గనుక చెక్కు బ్యాంకుకు పోతుంది, అప్పులో జమ పడుతుంది. ఇందులో తప్పు పట్టడానికి లేదు. కాని ఆ నూలు పోయిన ఇంటివాని పుస్తకంలో రాసిన బాకీ మాటేమిటి? యజమానికి అప్పు తగ్గింది. నేతగాని పుస్తకంలో పట్టు తూకం అలాగే ఉంది. బీమా కంపెనీ ఆ పుస్తకం చూడదు, బ్యాంకూ చూడదు.

పడుగు ఇచ్చే రోజునే, నేతగాని తప్పు లేకుండా వరదకో మంటకో పోయిన సరుకు అతని బాకీ కాదని పుస్తకం మొదటి పేజీలో ఒక్క వాక్యం రాసి ఇద్దరూ సంతకం చేస్తే సరిపోతుంది. దానికి ప్రీమియం కూడా లేదు. సరుకు బీమాలో తన ఇంటి నెంబరు ఉందో లేదో అడిగే హక్కు కూడా అప్పుడు నేతగానికి వస్తుంది. ప్రస్తుతం ఆ పుస్తకాల మొదటి పేజీలో దేవుని పేరు, తర్వాత తూకం మాత్రమే ఉంటున్నాయి.